కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డుకు కొత్త మ్యాక్ అడ్రస్ వస్తుంది, ఎట్ల ఆపాలె?

ఎనుమాముల_సెన్సార్:
అన్నలకు అక్కలకు నమస్తే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్‌ల టెంపరేచర్, తేమ చూసే పని పట్టుకున్న. మొత్తం 14 రూములు, రూముకొక చిన్న ఆర్మ్ బోర్డు, ఆల్‌విన్నర్ హెచ్3 చిప్, ఎస్డీ కార్డు మీద లినక్స్, అన్నీ వైరుతోని ఒకటే స్విచ్‌కు కలిపిన. ఆఫీస్ రూంల పీసీ నిమిషానికొకసారి ఒక్కో బోర్డును మోడ్‌బస్ అనే పద్ధతిల అడిగి రీడింగ్ తీసుకుంటది. రౌటర్‌ల ఒక్కో మ్యాక్ అడ్రస్‌కు, అంటే నెట్‌వర్క్‌ల బోర్డును గుర్తుపట్టే నంబర్‌కు, ఒక్కో ఐపీ రిజర్వ్ చేసి పెట్టిన, మూడో రూము అంటే ఫలానా ఐపీ అని.
సమస్య ఏందంటే బోర్డు ఆఫ్ అయి ఆన్ అయితే మ్యాక్ అడ్రస్ మారిపోతుంది. ప్రతిసారి కొత్తది. రిజర్వేషన్ ఎందుకూ పనికొస్తలేదు. మొన్న గాలిదుమారం వచ్చిన రోజు కరెంటు 8 సార్లు పోయింది, సాయంత్రానికి మేనేజర్ ఫోన్ చేసి ఆఫీస్‌ల వైఫై కూడా కనెక్ట్ అయితలేదు అన్నడు. పోయి చూస్తే రౌటర్ ఇచ్చే ఐపీలు 100, లీజ్ టైం (ఇచ్చిన ఐపీని పట్టి ఉంచే టైం) 24 గంటలు, 14 బోర్డులు 8 సార్లు లేస్తే 112 కొత్త అడ్రస్‌లు, మొత్తం పూల్ అయిపోయింది. లోపల రైతుల బస్తాలు ఉన్నయి, రీడింగ్ తప్పితే నాకు నిద్ర పట్టదు. బోర్డుకు ఒకటే అడ్రస్ ఎప్పటికీ ఉండేటట్టు ఎట్ల చేయాలె, జర చెప్పుర్రి.

కాజీపేట_జంక్షన్:
తమ్మీ ముందుగాల ఒకటి చూడు. సిస్ ఫోల్డర్‌ల క్లాస్, అందుల నెట్, అందుల ఈత్0 (నీ వైరు పోర్ట్ పేరు), దాంట్ల అడ్రస్ అసైన్ టైప్ అనే ఫైల్ ఉంటది, క్యాట్ కమాండ్ కొట్టి చదువు. 0 వస్తే హార్డ్‌వేర్ నుంచి వచ్చిన పర్మనెంట్ అడ్రస్, 1 వస్తే కెర్నెల్, అంటే లినక్స్ అసలు భాగం, తానే రాండమ్‌గ పుట్టిచ్చింది, 3 వస్తే ఎవరో తర్వాత సెట్ చేసిండ్రు. ఏం వచ్చిందో చెప్పు.

ఎనుమాముల_సెన్సార్:
1 వచ్చింది అన్న.

కాజీపేట_జంక్షన్:
అనుకున్నదే. పీసీల నెట్‌వర్క్ కార్డు కొంటే దాని మీద ఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్‌ల అడ్రస్ ఫ్యాక్టరీలనే రాసి వస్తది. నీ అసొంటి చౌక బోర్డుల ఈథర్‌నెట్ కంట్రోలర్ చిప్ లోపలనే ఉంటది, దానికి సొంతంగ అడ్రస్ అనేది ఉండదు, ఎవరో ఒకరు లేసినప్పుడు చెప్పాలె. చెప్పాల్సింది బూట్‌లోడర్, అంటే లినక్స్ కంటే ముందు లేసే ప్రోగ్రాం, నీ బోర్డుల అది యూబూట్. యూబూట్‌ల ఈత్ అడ్డర్ అని ఒక వేరియబుల్ ఉంటది, దాన్ని డివైస్ ట్రీ (బోర్డు మీద ఏమేం ఉన్నయో కెర్నెల్‌కు చెప్పే లిస్టు)ల లోకల్ మ్యాక్ అడ్రస్ అనే చోట రాసి కెర్నెల్‌కు ఇస్తది. కెర్నెల్ డ్రైవర్ అక్కడ చూస్తది, ఉంటే అదే వాడుతది, లేకపోతే రాండమ్. నీ బోర్డుతోని వచ్చిన యూబూట్ పాతది అయి ఉంటది, ఏం రాస్తలేదు.

జమ్మికుంట_పత్తి:
ఇంత లోపలికి పోవుడెందుకు, ఆర్‌సీ లోకల్ అనే స్టార్టప్ స్క్రిప్ట్‌ల ఒక నాలుగు లైన్లు రాస్తే అయిపోతది కదా. ఇంటర్‌ఫేస్ డౌన్ చేసి, ఐపీ లింక్ కమాండ్‌తోని అడ్రస్ సెట్ చేసి, మళ్ల అప్ చేసుడే. నేను మా జిన్నింగ్ మిల్లుల రెండు బోర్డులకు గట్లనే చేసిన, ఏడాది నుంచి నడుస్తున్నయి.

ఎనుమాముల_సెన్సార్:
ఇది చేసి చూసిన అన్న, ఒక బోర్డు మీద. అడ్రస్ అయితే సెట్ అయింది కానీ రౌటర్ల లిస్టుల ఆ బోర్డుకు రెండు ఎంట్రీలు కనపడుతున్నయి, ఒకటి రాండమ్‌ది ఒకటి నేను పెట్టింది. పూల్ అయితే ఇంకా తింటనే ఉన్నది.

భద్రకాళి_బండ్:
ఆర్‌సీ లోకల్ నడిచేది చివరల. అప్పటికే నెట్‌వర్క్ సర్వీస్ లేచి రాండమ్ అడ్రస్‌తో డీహెచ్‌సీపీలో ఐపీ అడిగేసి ఉంటది, రౌటర్ ఒక లీజ్ ఇచ్చేసి ఉంటది, ఆ తర్వాత మీరు అడ్రస్ మారిస్తే మళ్లీ ఇంకో లీజ్. అందుకే రెండు. స్క్రిప్ట్‌తోనే చెయ్యాలంటే దాన్ని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను లేపేది) యూనిట్‌గా పెట్టి నెట్‌వర్క్ ప్రీ టార్గెట్ కంటే ముందు నడిచేటట్టు రాయాలి. పత్తి గారికి రెండు బోర్డులే కాబట్టి రెండు ఎక్స్‌ట్రా లీజులు ఎవరికీ కనపడలేదు.
అయినా ఆ పద్ధతి నాకు నచ్చదు. అడ్రస్ ఎంత ఆలస్యంగా పెడితే అంత దాకా తప్పుడు అడ్రస్ వైరు మీద తిరుగుతుంది. రేపు మీరు నెట్‌వర్క్ మీదనుంచే బూట్ చేద్దామనుకుంటే, టీఎఫ్‌టీపీతో కెర్నెల్ తెప్పించేది యూబూట్, అప్పటికి లినక్స్ లేదు, మీ స్క్రిప్ట్ లేదు.

లక్నవరం_97:
సిస్టమ్‌డీల లింక్ ఫైల్ ఉంటది కదా, మ్యాక్ అడ్రస్ పాలసీ పర్సిస్టెంట్ అని పెడితే రాండమ్ అడ్రస్ వచ్చిన ఇంటర్‌ఫేస్‌కు అదే ఒక స్థిరమైన అడ్రస్ లెక్కకట్టి ఇస్తది, ఒక్క లైన్ పని, ఉడెవ్ టైంలనే (లినక్స్ డివైస్‌లను గుర్తుపట్టేటప్పుడే) జరుగుతది కాబట్టి డీహెచ్‌సీపీ కంటే ముందే అయిపోతది. నేను చాలా చోట్ల ఇదే వాడిన

ఎనుమాముల_సెన్సార్:
ఇది మస్తు పని చేసింది అక్క! ఒక బోర్డు మీద 5 సార్లు ఆఫ్ ఆన్ చేసిన, అదే అడ్రస్. ఇప్పుడే ఈ కార్డు ఇమేజ్ తీసి మిగతా 13 కార్డులకు రాస్తున్న. రేపు పొద్దున పోయి పెట్టుకొచ్చి చెప్తా.

కాజీపేట_జంక్షన్:
ఆగు తమ్మీ, ఇమేజ్ కాపీ చేయకు ఇప్పుడే. మెషీన్ ఐడీ సంగతి చూసుకున్నవా?

ఎనుమాముల_సెన్సార్:
అన్న మీ మెసేజ్ చూసేసరికి ఆలస్యమైంది. పొద్దున 14 కార్డులు పెట్టి ఆన్ చేసిన. ఏమైందో చెప్తా, నేను ఇంతవరకు గిట్లాంటిది చూడలే.
డ్యాష్‌బోర్డుల మూడో రూము 5 డిగ్రీలు చూపెట్టింది, నిమిషం తర్వాత అదే మూడో రూము 11, మళ్ల 5, మళ్ల కనెక్షన్ లేదు. నేను జాకెట్ ఏసుకొని మూడో రూములకు పోయి చేతి థర్మామీటర్ పెడితే 5 డిగ్రీలే ఉన్నది. 11 డిగ్రీలు ఉన్నది తొమ్మిదో రూముల, దాని డోర్ ఓపెన్ చేసి హమాలీలు బస్తాలు దించుతున్నరు. అంటే తొమ్మిదో రూము రీడింగ్ మూడో రూము పేరు మీద వస్తుంది. రౌటర్ల చూస్తే 14 బోర్డులకు ఒకటే మ్యాక్, ఒకటే ఐపీ. వెంటనే అన్నీ పీకేసి పాత కార్డులు పెట్టిన, ప్రస్తుతానికి చేతితోని రాసుకుంటున్న.

కాజీపేట_జంక్షన్:
గదే నేను భయపడ్డది. సిస్టమ్‌డీ ఆ స్థిరమైన అడ్రస్‌ను గాల్లోంచి తీయదు, ఇంటర్‌ఫేస్ పేరును, ఈటీసీ ఫోల్డర్‌ల ఉండే మెషీన్ ఐడీ ఫైల్‌ను కలిపి లెక్కకడుతది. ఇమేజ్ కాపీ కొడితే మెషీన్ ఐడీ కూడా కాపీ అయితది, పేరు ఎట్లాగూ అన్నిట్ల ఒకటే. అందుకే 14కు ఒకటే అడ్రస్.
ఒకటే అడ్రస్ రెండు పోర్ట్‌ల మీద కనపడితే స్విచ్ ఏం చేస్తదంటే, ఆఖరికి ఎటునుంచి ప్యాకెట్ వచ్చిందో అటే ఉన్నదని రాసుకుంటది. మూడో రూము మాట్లాడితే ఆ పోర్ట్, తొమ్మిది మాట్లాడితే ఈ పోర్ట్. పీసీ అడిగిన ప్రశ్న ఆ క్షణాన ఎటు పోతదో అటు పోతది. కనెక్షన్ మధ్యల మారితే అవతలి బోర్డు నాకు ఈ కనెక్షన్ తెల్వదని రీసెట్ కొడతది, నీకు కనెక్షన్ లేదని కనపడ్డది అదే.
రాండమ్ అడ్రస్ కంటే ఒకటే అడ్రస్ మస్తు ప్రమాదం. రాండమ్ అయితే బోర్డు కనపడకుండ పోతది, నీకు తెలుస్తది. ఇది తప్పు నంబర్ చూపెడతది.

లక్నవరం_97:
తప్పు నాది, కాపీ సంగతి ముందే చెప్పాల్సింది. ఇమేజ్ తీసే ముందు మెషీన్ ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయాలె, ఫైల్ తీసెయ్యొద్దు, ఖాళీగ ఉంచాలె, అప్పుడు ఒక్కో బోర్డు మొదటిసారి లేసినప్పుడు తనది తాను రాసుకుంటది. రూట్ ఫైల్‌సిస్టమ్ రాయనిచ్చేది అయి ఉండాలె, రీడ్ ఓన్లీ పెట్టినోళ్లకు అది నిలవదు, ప్రతి బూట్‌కు కొత్తది వస్తది, మళ్ల మొదటికే వస్తది కథ.

వేయిస్తంభాలు:
ఐడీ ఖాళీ చేసినా ఆ అడ్రస్ కార్డుది అవుతుంది, బోర్డుది కాదు. ఎస్డీ కార్డు పాడైతే కొత్త కార్డుతో కొత్త ఐడీ, కొత్త అడ్రస్. కోల్డ్ స్టోరేజ్‌లో తేమకి, కరెంటు పోయి రావడానికి కార్డులు ఎన్నాళ్లుంటాయో మీకే తెలియాలి. నేను ఎన్ఐటీలో చదువుతున్నాను, మాది శ్రీకాకుళం, మా ల్యాబులో 20 బోర్డులకి చిప్ సీరియల్ నంబరు నుంచి అడ్రస్ తీస్తాం. చిప్ తోటే పుడుతుంది, చిప్ తోటే పోతుంది. సీరియల్ చివరి 3 బైట్లు తీసుకుని ముందు 02 తో మొదలయ్యే 3 బైట్లు పెడితే సరిపోతుంది.

భద్రకాళి_బండ్:
మొదటి బైట్ 02 ఎందుకో చెప్తే అందరికీ పనికొస్తుంది. అడ్రస్ 48 బిట్లు, 6 బైట్లు. మొదటి బైట్‌లో కిందనుంచి మొదటి బిట్ 1 అయితే అది మల్టీకాస్ట్, ఒక ఇంటర్‌ఫేస్‌కు అది పెట్టకూడదు, కెర్నెల్ ఒప్పుకోదు. రెండో బిట్ 1 అయితే ఇది లోకల్‌గా మేమే పెట్టుకున్నాం, ఏ కంపెనీదీ కాదు అని అర్థం. కాబట్టి మనం సొంతంగా తయారు చేసే అడ్రస్‌లో మొదటి బైట్‌ను హెక్స్‌లో (0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్) రాస్తే రెండో అంకె 2, 6, ఏ, ఈ అనే నాలుగిట్లో ఒకటి ఉండాలి. చాలామంది ఇంట్లో ఉన్న ఫోన్‌దో ల్యాప్‌టాప్‌దో మొదటి 3 బైట్లు తీసి పెట్టుకుంటారు, అవి ఈ నంబర్లు పంచే ఐఈఈఈ సంస్థ దగ్గర ఒక కంపెనీ డబ్బులు కట్టి తీసుకున్నవి, మనవి కావు.
కానీ తమ్ముడూ చివరి 3 బైట్లు మాత్రమే తీసుకోవడం మీద నాకు అనుమానం ఉంది. సీరియల్‌లో చాలా బిట్లు ఒకే బ్యాచ్ చిప్‌లన్నిటికీ ఒకటే ఉంటాయి. మొత్తం సీరియల్‌ను హ్యాష్ చేసి (అన్ని బిట్లనూ కలిపి ఒక కొత్త నంబర్‌గా లెక్కకట్టి) అందులోంచి తీసుకోండి.

వేయిస్తంభాలు:
నిజమే అక్కా, లెక్క వేసి చూశాను. 24 బిట్లంటే 1,67,77,216 అడ్రస్‌లు, చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ పూర్తిగా రాండమ్ అనుకున్నా 1000 బోర్డుల్లో ఏ రెండిటికో ఒకటే అడ్రస్ వచ్చే అవకాశం సుమారు 3 శాతం, 5000 బోర్డులైతే సగానికి పైనే. అదే ఆ రెండు బిట్లు వదిలి మిగతా 46 బిట్లూ హ్యాష్ నుంచి తీసుకుంటే 5000 బోర్డులకి కూడా కోటిలో రెండు కంటే తక్కువ. ఒకే నెట్‌వర్క్‌లో ఉంటేనే గొడవ, కాబట్టి 14 బోర్డులకి ఏ పద్ధతైనా నడుస్తుంది, అయినా మంచి పద్ధతికి ఇంకో రెండు లైన్లే కదా, అదే చేద్దాం. మా ల్యాబులోది కూడా మార్చేస్తాను.

గోదావరిఖని_ఫ్యూజ్:
చిప్ లోపల ఫ్యూజ్‌ల రాసే వాళ్ల కోసం నా అనుభవం చెప్తా, ఇక్కడ కాకపోయినా ఎవరికో పనికొస్తది. ఐ.ఎంఎక్స్6 చిప్ ఉన్న బోర్డుల అడ్రస్ కోసం ఫ్యూజ్ ఉంటది, బ్యాంక్ 4 వర్డ్ 2ల కింది 4 బైట్లు, వర్డ్ 3ల పై 2 బైట్లు. ఫ్యూజ్ అంటే 0ను 1 చేయొచ్చు, 1ని మళ్ల 0 చేసుడు ఉండదు, ఒకసారి కాల్చినమంటే అంతే. మేము ఒక గని కాంట్రాక్టర్ పని కోసం బోర్డులు చేసినప్పుడు నేను బైట్లు తిరగేసి కాల్చిన. చివరి బైట్ ముందుకొచ్చింది, అది బేసి సంఖ్య, పైన అక్క చెప్పిన మల్టీకాస్ట్ బిట్ అదే, కెర్నెల్ చెల్లదని పక్కకు పెట్టి రాండమ్ ఇచ్చింది. బోర్డు పొద్దంతా చూసి రాత్రి 11కు అర్థమైంది. అప్పటినుంచి ఫ్యూజ్ ముట్టుకునే ముందు ఆ వాల్యూను యూబూట్ వేరియబుల్‌ల పెట్టి ఒకసారి పింగ్ చేసి చూసినాకనే కాలుస్తా.
కొత్త డిజైన్ గీసేటోళ్లకు నా మాట, 24ఏఏ02ఈ48 అని మైక్రోచిప్ వాళ్ల చిన్న ఈప్రామ్ ఒకటి పెట్టుకోర్రి, ఐటూసీ రెండు వైర్లు, 256 బైట్లు, అందుల చివరి 6 బైట్లల ఫ్యాక్టరీలనే సొంత అడ్రస్ రాసి వస్తది, ఆ పై సగం ఎవరూ చెరపలేరు. డివైస్ ట్రీల ఎన్వీమెమ్ సెల్‌గ (అడ్రస్ దొరికే జాగగ) చూపెడితే కెర్నెలే చదువుకుంటది. ఐఈఈఈ దగ్గర బ్లాక్ కొనే అవసరం తప్పుతది. అక్కడ అన్నిటికంటే చిన్న బ్లాకే 4096 అడ్రస్‌లు, మన 14కు, 50కు అది ఎక్కువ.

ఎనుమాముల_సెన్సార్:
అందరికీ మస్తు థ్యాంక్స్. నా బోర్డు మీద ఈప్రామ్ పెట్టే జాగ లేదు, ఫ్యూజ్ అంటే భయమైతుంది. చిప్ సీరియల్ నుంచే తీస్తా. కానీ యూబూట్‌లనే అయితే మంచిది అంటున్నరు కదా, యూబూట్‌ల హ్యాష్ రాయాలంటే నాకు సీ అంతగ రాదు.

కాజీపేట_జంక్షన్:
రాయక్కరలేదు తమ్మీ. మెయిన్‌లైన్ (అసలు ప్రాజెక్టు వాళ్ల) యూబూట్‌ల ఆల్‌విన్నర్ చిప్‌లకు ఇది ఎప్పుడో రాసి పెట్టిండ్రు. చిప్‌ల ఎస్ఐడీ అని ఒక నంబర్ ఉంటది, నాలుగు వర్డ్‌లు. అందుల 1, 2, 3 వర్డ్‌లల చాలా బిట్లు ఎన్నో చిప్‌లకు ఒకటే ఉంటయని మూడిటిని కలిపి సీఆర్‌సీ32 అనే హ్యాష్ అసొంటి లెక్క తీస్తది, దాంతోని అడ్రస్ కడతది. మొదటి పోర్ట్‌కు మొదటి బైట్ 02, రెండో పోర్ట్ ఉంటే 12, మూడోదానికి 22. నీ బోర్డుకు మెయిన్‌లైన్ యూబూట్ బిల్డ్ చేసి కార్డుల ఏసుకో. ఇంకొకటి, డివైస్ ట్రీల ఏలియసెస్ అనే చోట ఈథర్‌నెట్0 అని నీ పోర్ట్ ఉన్నదా చూడు, అది లేకపోతే యూబూట్‌కు అడ్రస్ ఎక్కడ రాయాలో తెల్వదు. లింక్ ఫైల్‌ల పెట్టింది కూడా తీసెయ్, రెండు పద్ధతులు కలిపితే ఎవరు ఇచ్చిన్రో నీకే తెల్వకుండ పోతది.

ఎనుమాముల_సెన్సార్:
బిల్డ్ అయింది అన్న, ఇంటి దగ్గర ఒక బోర్డు మీద పెట్టిన. సీరియల్ కన్సోల్‌ల చూస్తే అడ్రస్ లేదని ఇంతకుముందు వచ్చే వార్నింగ్ లేదు, 02తో మొదలైతుంది, ఆ అసైన్ టైప్ ఫైల్‌ల 0 వచ్చింది. బూట్ డిలే తగ్గించి సేవ్ ఎన్వ్ (యూబూట్ సెట్టింగులను కార్డు మీద దాచే కమాండ్) కొట్టి ఇమేజ్ తీసిన. ఈసారి రెండో బోర్డుల పెట్టి చూసినాకనే మిగతావి చేద్దామనుకున్న, చూస్తే రెండో బోర్డుకు కూడా అదే అడ్రస్ అన్న. చిప్ నుంచి తీస్తున్నప్పుడు రెండు చిప్‌లకు ఒకటే ఎట్ల వస్తది?

భద్రకాళి_బండ్:
సేవ్ ఎన్వ్ కొట్టారు కదా, అదే. యూబూట్ లేవగానే చిప్ నంబర్ నుంచి ఈత్ అడ్డర్ తయారు చేసి మెమరీలో పెట్టుకుంటుంది. మీరు బూట్ డిలే కోసం సేవ్ చేసినప్పుడు ఆ ఈత్ అడ్డర్ కూడా కార్డు మీదికి వెళ్లిపోయింది. రెండో బోర్డు లేచినప్పుడు కార్డులో ముందే ఒకటి ఉంది కాబట్టి కొత్తది తయారు చేయదు, సేవ్ అయిందానికే మర్యాద. ఇమేజ్ తీసే కార్డు మీద ఎప్పుడూ సేవ్ చేయకండి. బూట్ డిలే లాంటివి బిల్డ్ చేసేటప్పుడు కాన్ఫిగ్‌లోనే పెట్టుకోండి. వీలైతే ఎన్విరాన్‌మెంట్‌ను కార్డులో దాచే ఆప్షనే తీసేసి బిల్డ్ చేయండి, అప్పుడు ఎవరు సేవ్ కొట్టినా పోయేదేం లేదు.
మీరు రెండో బోర్డు మీద చూసి ఆగారు చూడండి, ఇకముందు కూడా అట్లనే రెండిటి మీద చూడకుండా కాపీ చేయకండి.

జమ్మికుంట_పత్తి:
మా మిల్లుల రెండు బోర్డులకు కూడా ఇదే పెడుతున్న. స్క్రిప్ట్‌ల నేను రాసిన అడ్రస్ చూస్తే మొదటి బైట్ మా పాత ల్యాప్‌టాప్‌ది ఉన్నది, ఆ ల్యాప్‌టాప్ ఇప్పటికీ అదే నెట్‌వర్క్‌ల ఉన్నది. మిగతా బైట్లు వేరే కాబట్టి ఏం కాలే.

ఎనుమాముల_సెన్సార్:
ఎన్విరాన్‌మెంట్ సేవ్ అయ్యే ఆప్షన్ తీసేసి మళ్ల బిల్డ్ చేసిన. రెండు బోర్డుల చూసిన, వేర్వేరు. నాలుగిట్ల చూసిన, వేర్వేరు. ఆదివారం స్టోరేజ్‌ల లోడింగ్ లేనప్పుడు 14 పెట్టిన. ఒక్కో బోర్డు అడ్రస్ చదివి డబ్బా మూత మీద మార్కర్‌తోని రాసి, రౌటర్ల కూడా అదే నంబర్‌కు రిజర్వ్ చేసిన. మార్కర్ చలికి సరిగ్గ పడుతలేదు, ఆఖరికి బయట స్టిక్కర్ మీద రాసుకొచ్చి అంటించిన.
ఎంసీబీ 10 సార్లు దించి ఎక్కిచ్చిన. ముందు 14 లీజులు, తర్వాత 14 లీజులు. మూడో రూము డబ్బా సెన్సార్‌ను చేత్తో పట్టుకొని ఎచ్చ చేసిన, డ్యాష్‌బోర్డుల మూడో రూమే పెరిగింది, తొమ్మిదో రూముల కూడా గట్లనే చేసిన. అట్ల 14 రూములు తిరిగిన.

గోదావరిఖని_ఫ్యూజ్:
చేత్తో ఎచ్చ చేసి చూసుడు మంచి పని తమ్మీ. అడ్రస్ సరిగ్గనే ఉన్నా డబ్బాలు తారుమారు పెడితే మళ్ల అదే గోస.

ఎనుమాముల_సెన్సార్:
మూడు వారాల తర్వాత రాస్తున్న. నిన్న ఆరో రూము కార్డు పాడయింది, బోర్డు లేస్తలేదు. జేబుల స్పేర్ కార్డు ఉండె, అదే ఇమేజ్, పెట్టి ఆన్ చేసిన. స్టిక్కర్ మీద ఉన్న నంబరే వచ్చింది, అదే ఐపీ వచ్చింది, ఆఫీస్ పీసీ దగ్గరికి పోయేసరికి ఆరో రూము రీడింగ్ వస్తనే ఉన్నది. రౌటర్ ముట్టుకునే పని పడలే.